సైకిల్‌ని కారు గుద్దే కథ రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

నీ కథ చదివాను. నైట్ డ్యూటీ దిగి, నార్సింగి దగ్గర సర్వీస్ రోడ్డు మీద ఇంటికి పోతున్న వాచ్‌మన్. వెనకనుంచి కారు. మనిషీ చోటూ రెండూ బాగా కుదిరాయి. మన దగ్గర కార్ల కింద పడే సైకిల్ వాళ్ళలో రంగురంగుల జెర్సీ వేసుకున్నవాళ్ళు మాత్రమే ఉండరు. వాచ్‌మన్లు, కూలీలు, పాలవాళ్ళు, బడిపిల్లలు ఉంటారు. నువ్వు అటు చూసినందుకు సంతోషం. ఒక్క విషయం మాత్రం సర్దుకో. అక్కడికి దగ్గర్లోనే సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది, 2023 అక్టోబరులో తెరిచారు. నీవాడు అందులో ఎందుకు పోడని హైదరాబాద్ పాఠకుడు అడుగుతాడు. అతని ఇల్లు ఆ ట్రాక్ పోయే వైపు లేదని ఒక్క వాక్యం రాస్తే చాలు.

అసలు చిక్కు వేరే. గుద్దడానికి మూడు పేజీలిచ్చావు, ఆ తర్వాతి ఆరు నెలలకు పదకొండు లైన్లు. దాన్ని తిరగెయ్యి. గుద్దడం రెండు సెకన్ల పని. నీ కథ ఉన్నది ఆ తర్వాత.

ఆ రెండు సెకన్లు తప్పుగా రాస్తే మాత్రం తర్వాతదేదీ ఎవరూ నమ్మరు. కాబట్టి ముందు లెక్క చూసుకో. గంటకు 54 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 15 మీటర్లు. నీ వాచ్‌మన్ నింపాదిగా తొక్కితే సెకనుకు నాలుగు మీటర్లు. డ్రైవర్ రెండు సెకన్లు ఫోన్ చూస్తే కారు 30 మీటర్లు చూడకుండా వచ్చేసినట్టే. తల ఎత్తాక కాలు బ్రేకు మీదికి చేరడానికి ఇంకో సెకను, ఒకటిన్నర సెకను. 'డ్రైవర్ దూరం నుంచే చూసి బ్రేకు మీద నిలబడ్డాడు, అయినా గుద్దేశాడు' అని రాశావు. ఎంత దూరం నుంచి? 60 మీటర్ల నుంచి చూస్తే ఆ వేగంలో ఆగిపోతాడు, లేదా బండి పక్కకు తిప్పుకుంటాడు. గుద్దాలంటే చూడకపోవాలి, లేదా చూసి కూడా 'పక్కకు జరుగుతాడులే' అనుకోవాలి. ఈ రెండింటిలో ఏది ఎంచుకుంటావో దాన్నిబట్టి నీ డ్రైవర్ ఎలాంటివాడో తేలిపోతుంది. నాకైతే రెండోవాడి మీద కథ ఎక్కువ నిలుస్తుందనిపిస్తుంది.

'కీచుమంటూ బ్రేకు పడింది' అన్న మాట కొట్టేయ్. 2019 తర్వాత తయారైన కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. అది ఉంటే బ్రేకు ఎంత గట్టిగా తొక్కినా చక్రం బిగుసుకుపోదు, కాబట్టి పాత సినిమాల్లోలాగా అరుపూ రాదు, రోడ్డు మీద పొడుగాటి నల్లచారలూ పడవు. 1995లో అంబాసిడర్ గుద్దిన కథ అయితే కీచుమనిపించుకో, ఎవరూ కాదనరు.

వెనకనుంచి గుద్దితే మనిషి ముందుకు ఎగిరిపోడు. బంపర్ ముందు వెనక చక్రాన్ని, మడ్‌గార్డును తాకుతుంది. సైకిల్ కిందనుంచి ముందుకు లాగేసినట్టు పోతుంది, మనిషి వెనక్కి, బానెట్ మీదికి కూలబడతాడు. వీపు బానెట్‌కు, తల వెనకభాగం అద్దానికి తగులుతాయి. కారు ఆగుతుంటే అప్పుడు ముందుకు జారి రోడ్డు మీద పడతాడు. అందుకే అతనికి రెండు దెబ్బలు: ఒకటి కారుది, ఒకటి రోడ్డుది. ఎత్తు బానెట్ ఉన్న పెద్ద బండి అయితే లెక్క మారుతుంది. బానెట్ మీదికి ఎక్కడు, నేరుగా ముందుకు నెట్టేస్తుంది, మీదనుంచి పోయే ప్రమాదమూ ఎక్కువ. కాబట్టి కథలో 'కారు' అని ఊరుకోకు, ఏ రకం కారో రాయి. ఇంకోటి, ముందు అద్దం 'ముక్కలు ముక్కలై రాలింది' అన్నావు. ముందు అద్దం రాలదు. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. తల తగిలినచోట గుంటపడి, చుట్టూ బీటలిచ్చి, అక్కడే నిలుస్తుంది. గింజల్లా రాలేది పక్క అద్దం.

వెనకనుంచి గుద్దడమే కావాలా అని కూడా ఒకసారి ఆలోచించుకో. ఆగి ఉన్న కారు తలుపు తీయడం కూడా మామూలుగా జరిగేదే. ఎడమ పక్కన ఆపిన కారు డ్రైవర్ తలుపు తెరుస్తాడు, సైకిల్ హ్యాండిల్ ఎడమ కొన తలుపు అంచుకు తగులుతుంది, హ్యాండిల్ ఎడమకు తిరిగిపోతుంది, మనిషి కుడికి, అంటే వెనకనుంచి వచ్చే బండ్ల ముందుకు పడతాడు. తలుపు తీసినవాడు ఒకడు, తొక్కించినవాడు ఇంకొకడు. తప్పెవరిది? పక్కనుంచి దాటే కారు అద్దం తగిలినా ఇలాంటిదే: కుడి కొనను ముందుకు నెడుతుంది, హ్యాండిల్ ఎడమకు తిరిగి మనిషి కారు వైపుకే ఒరుగుతాడు. కారుకు అవతలి పక్కకు పడలేదేమని చూసినవాళ్ళు వాదిస్తారు. ఆ వాదన కథలో పెట్టు.

ఇక సైకిల్. నువ్వు 'నుజ్జునుజ్జయింది' అన్నావు. ఆ మాటలో ఏమీ కనబడదు. నీవాడిది పాత నల్ల సైకిల్, ముందు చక్రానికి 32 స్పోకులు, వెనక చక్రానికి 40. వెనకనుంచి గుద్దితే వెనక రిమ్ము మడతపడి ఫ్రేమ్‌లోకి దూరుకుపోతుంది, క్యారియర్ పైకి లేస్తుంది, చెయిన్ వదులై వేలాడుతుంది, స్పోకులు రిమ్ముకు బిగించే నిపుల్స్ దగ్గర ఊడతాయి. ముందు చక్రానికి ఏమీ కాదు. ఎత్తి తిప్పితే చక్కగా తిరుగుతుంది. ఎదురుగా గుద్దితే వేరు: ఫోర్కు వెనక్కి వంగుతుంది, హ్యాండిల్ కింద ఫ్రేమ్ గొట్టాలు రెండూ ఉబ్బి ముడతపడతాయి. షాపువాడు రిమ్ము బెండు తీస్తాడు గాని, ఆ ముడత పడ్డ ఫ్రేమ్‌ని చూసి తల అడ్డంగా ఊపుతాడు. స్టీలు వంగుతుంది, అల్యూమినియం పగులుతుంది, కార్బన్ పగిలినా పైకి కనబడకపోవచ్చు. సైకిల్ ఏ లోహమో తెలియకుండా ఇది రాయకు.

ఇప్పుడు దెబ్బ తిన్న మనిషి. నీ వాచ్‌మన్ రోడ్డు మీద పడి 'నొప్పితో మెలికలు తిరిగాడు'. మొదటి నిమిషాల్లో చాలామందికి నొప్పి సరిగా తెలియదు. లేచి నిలబడతారు. ఏమీ కాలేదంటారు. చెప్పు ఎక్కడ పడింది, టిఫిన్ డబ్బా ఏమైంది, సైకిల్ ఎవరైనా తీశారా అని వెతుక్కుంటారు. పది ఇరవై నిమిషాలకు నొప్పి మొదలవుతుంది. కాలర్ ఎముక విరిగినవాణ్ణి దూరం నుంచే పోల్చొచ్చు: దెబ్బ తగిలిన వైపు మోచేతిని రెండో చేత్తో కింద పట్టుకుని ఒంటికి అదుముకుంటాడు, తల ఆ వైపుకే కొద్దిగా వాలుస్తాడు. ఈ ఒక్క భంగిమ రాస్తే 'ఎముక విరిగింది' అని నువ్వు చెప్పక్కర్లేదు. తర్వాత ఆరు వారాలదాకా చేతికి జోలె. రాత్రి వెల్లకిలా పడుకోలేక దిండ్లు ఎత్తు పెట్టుకుని ఒరిగి కూర్చునే నిద్ర. చొక్కా తొడగడానికి ఇంకొకరు కావాలి, ముందు దెబ్బ చెయ్యి, తర్వాత మంచి చెయ్యి, విప్పేటప్పుడు తలకిందులు.

మణికట్టు ఇంకా మోసకారిది. పడేటప్పుడు అరచెయ్యి ఆనిస్తే బొటనవేలి మొదట్లో ఉండే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక చిట్లుతుంది. మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, పది పద్నాలుగు రోజులకు మళ్ళీ తీస్తే కనబడుతుంది. ఈలోగా 'బెణికిందంతే' అంటారు, ఒకరు పసుపూ సున్నం పెడతారు, ఇంకొకరు పుత్తూరు కట్టు కట్టించుకు రమ్మంటారు. ఆ ఎముకకు నెత్తురు తక్కువగా అందుతుంది కాబట్టి పట్టించుకోకపోతే అతకదు. నెలల తర్వాత గేటు గడియ లాగలేడు. వాచ్‌మన్‌కు అంతకన్నా ఏం కావాలి?

తల దెబ్బ సంగతి జాగ్రత్త. లేచి మాట్లాడినవాడు, చాయ్ తాగినవాడు, రెండు మూడు గంటలకు తలనొప్పి అని పడుకుంటాడు, వాంతి అవుతుంది, ఒక కంటిపాప పెద్దదవుతుంది. పుర్రెకూ మెదడు పొరకూ మధ్య నెత్తురు గడ్డకడుతున్నదన్నమాట. ఇంట్లోవాళ్ళు 'రాత్రంతా డ్యూటీ, పడుకోనీ' అంటారు. చంపే మాట అది, ప్రేమగా అన్నదే. తలకు దెబ్బ తగిలి అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నవాణ్ణి వెంటనే స్కాన్‌కు తీసుకుపోవాలి. ఇంకో సంగతి: నీ కథ 'నేను' అని నడుస్తుంది. స్పృహ తప్పినవాడికి గుద్దిన క్షణమే కాదు, దానికి ముందు కొన్ని నిమిషాలు కూడా గుర్తుండకపోవచ్చు. అతను బంపర్‌ని వర్ణించలేడు. గేటు దగ్గర రిజిస్టర్‌లో సంతకం పెట్టడం గుర్తుంటుంది, తర్వాత నర్సు చొక్కా కత్తిరించడం గుర్తుంటుంది. మధ్యది అతను నలుగురి నోటా విని కూడబెట్టుకోవాలి, ఆ నలుగురూ నాలుగు రకాలుగా చెప్పాలి.

చుట్టూ మూగినవాళ్ళ చేత మంచి పనులు చేయించావు. వాళ్ళు చేసే తప్పులు కూడా రాయి. నీళ్ళు తాగిస్తారు, ఆపరేషన్‌కు మత్తిచ్చినప్పుడో వాంతైనప్పుడో అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. చేతులూ కాళ్ళూ పట్టుకుని ఆటోలో వేస్తారు. మెడ ఎముక దెబ్బతిని ఉంటే ఆ ఎత్తడంతోనే చెడుతుంది. 108కి ఫోన్ చేసి కదపకుండా ఉంచడం మేలు. నీ కథ 2005కి ముందుదైతే 108 లేదు, గుర్తుంచుకో. సాక్ష్యం చెప్పాల్సి వస్తుందని జనం జారుకుంటారన్నావు. నిజమే, కాని 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది: సాయం చేసినవాళ్ళని పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. నీ పాత్రకు ఆ సంగతి తెలియకపోతే తెలియనట్టే రాయి, నీకు మాత్రం తెలిసి ఉండాలి.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టర్ మొదట అడిగేది దెబ్బ ఎలా తగిలిందని. యాక్సిడెంట్ అంటే ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేసు అని రాస్తాడు, పోలీసుకు కబురు పోతుంది. 'మెట్ల మీద జారిపడ్డా' అని చెప్పించే కారువాళ్ళు ఉంటారు. ఆ ఒక్క అబద్ధం కాగితం మీద పడితే తర్వాత కేసూ పరిహారమూ రెండూ కుంటుతాయి. ఇది నీ కథకు గుండెకాయ లాంటి చోటు, నువ్వేమో 'ఆస్పత్రిలో చేర్చారు' అని దాటేశావు. కారాయన మంచివాడే కావచ్చు. 'ఖర్చులన్నీ నేను పెట్టుకుంటా, కేసెందుకన్నా' అంటాడు, అయిదు వేలు జేబులో పెడతాడు. అప్పటికి స్కాఫాయిడ్ సంగతి ఎవరికీ తెలియదు. పన్నెండో రోజున రెండో ఎక్స్‌రే వచ్చేసరికి కారాయన ఫోన్ ఎత్తడు.

సెక్షన్లు రాసేటప్పుడు తేదీ చూసుకో. 2024 జులై 1న గాని ఆ తర్వాత గాని జరిగితే భారతీయ న్యాయ సంహిత: ర్యాష్ డ్రైవింగ్‌కు 281, గాయానికి 125. అంతకుముందైతే ఐపీసీ 279, 337, 338. ఎముక విరిగితే అది చట్టం లెక్కలో తీవ్ర గాయమే, డాక్టర్ ఇచ్చే గాయాల సర్టిఫికెట్‌లో ఆ మాట ఉండాలి. మనిషి పోతే 106, పాత లెక్కలో 304ఎ. ఎస్సై పంచనామా రాస్తాడు, స్కెచ్ గీస్తాడు, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ (ఎంవీఐ) వచ్చి కారు బ్రేకులు చూస్తాడు. విరిగిన సైకిల్ కూడా సాక్ష్యమే, స్టేషన్ ఆవరణలో పట్టుకున్న బండ్ల మధ్య నెలల తరబడి ఉండిపోవచ్చు. వాచ్‌మన్‌కు కోలుకున్నాక డ్యూటీకి పోవడానికి బండి కావాలి. దానికోసం స్టేషన్ చుట్టూ తిరగడం ఒక్క సన్నివేశమైనా రాయి.

డబ్బు సంగతి. సైకిల్‌కు ఇన్సూరెన్స్ అక్కర్లేదు, అతను కారు పాలసీ లెక్కలో థర్డ్ పార్టీ, అంటే ఆ కారు వల్ల దెబ్బతిన్న బయటి మనిషి. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌లో దావా వేయాలి. 2022 ఏప్రిల్ నుంచి చట్టంలో ఆరు నెలల గడువు పెట్టారు. పనిచేయలేని వైకల్యం ఎంత శాతమో చూసి, ఏడాది ఆదాయాన్ని వయసుకు తగిన గుణకంతో హెచ్చిస్తారు. 2009లో సుప్రీంకోర్టు సర్లా వర్మ కేసులో ఇచ్చిన పట్టిక ప్రకారం 31 నుంచి 35 ఏళ్ళవాడికి 16. ఆదాయం రుజువు చేయమంటారు, సెక్యూరిటీ ఏజెన్సీవాడు చేతికిచ్చే జీతానికి కాగితం ఉండదు. గుద్ది పారిపోయిన కారు దొరక్కపోతే పరిహారం తీవ్ర గాయానికి 50 వేలు, ప్రాణం పోతే రెండు లక్షలు. 2022కి ముందు ఇవి పన్నెండున్నర వేలు, పాతిక వేలు. 2025 మే నుంచి మొదటి ఏడు రోజులకు లక్షన్నర దాకా నగదు లేకుండా చికిత్స పథకం వచ్చింది, అది గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లోనే.

ఇవన్నీ కథలో కుక్కమని కాదు. సెక్షన్ నంబర్ ఒక్కటి కూడా పైకి కనబడకపోయినా ఫరవాలేదు. 'మృత్యువు చేతుల్లోంచి', 'కళ్ళముందు చీకట్లు', 'విధి వికటాట్టహాసం' ఈ మూడూ తీసేయ్, వాటి చోట ఎమ్మెల్సీ దగ్గర అతను ఏం చెప్పాడో రాయి. మళ్ళీ రాసేటప్పుడు ఆ చిన్న గది, బల్ల, పక్కన నిలబడ్డ కారాయన, ఎవరి వైపు చూడాలో తెలియని భార్య, వీటితో మొదలుపెట్టి చూడు. గుద్దిన సంగతి వాళ్ళ మాటల్లోనే వస్తుంది. అయ్యాక పంపు, ఈసారి పది పేజీలు దాటినా చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అన్న