టెక్సస్‌లో సొంత భూమిలో తుపాకీ సాధన: ఎకరాల కన్నా ముందు చూడవలసినవి

“టెక్సస్‌లో ఊరికి దూరంగా 12 ఎకరాలు కొన్నాను, చుట్టూ కంచె ఉంది, వారాంతాల్లో స్నేహితులతో కలిసి అక్కడ తుపాకీతో గురి సాధన చేసుకుంటే చట్టపరంగా ఇబ్బంది వస్తుందా?” అన్నది ప్రశ్న. క్లుప్తంగా జవాబు చెప్పాలంటే, భూమి ఏ నగరం పరిధిలోకీ రాకపోతే సాధారణంగా ఇబ్బంది రాదు. అయితే మనవాళ్ళు ఈ ప్రశ్నను ఎప్పుడు అడిగినా ఎకరాల లెక్కతోనే అడుగుతారు. చట్టం అడిగేవి వేరే రెండు సంగతులు: తూటా ఎక్కడ ఆగుతోంది, తుపాకీ ఎవరి చేతిలో ఉంది. ఈ దేశంలో స్థిరపడిన తెలుగువారికి మొదటిదాని కన్నా రెండోదే ప్రమాదకరమని నా గట్టి అభిప్రాయం, అందుకే ఈ జవాబులో ఎక్కువ భాగం అటే పోతుంది.

ముందుగా భూమి సంగతి తేల్చేద్దాం. టెక్సస్‌లో ఈ విషయంలో కౌంటీలకు ఉన్న అధికారం చాలా తక్కువ. నగరాల బయట, సబ్‌డివిజన్‌గా విభజించిన చోట, 10 ఎకరాలు లేదా అంతకన్నా చిన్న స్థలాల్లో తుపాకులు పేల్చడాన్ని నిషేధించే అధికారాన్ని మాత్రమే రాష్ట్ర చట్టం కౌంటీ పాలక మండలి అయిన కమిషనర్ల కోర్టుకు ఇచ్చింది; మీది 12 ఎకరాలు కనుక అది మీకు వర్తించదు. నగరాల లెక్క ఇంత సులువుగా ఉండదు. మీ భూమి నగరం అంచున ఈటీజే అని పిలిచే అదనపు పరిధిలో ఉన్నా, 1981 సెప్టెంబరు 1 తరువాత నగరం కలుపుకొన్న ప్రాంతంలో ఉన్నా, షాట్‌గన్‌కు ఒక కొలత, రైఫిల్‌కు మరో కొలత ఉన్నాయి. షాట్‌గన్, ఎయిర్ రైఫిల్ వంటివైతే భూమి కనీసం 10 ఎకరాలు ఉండి, పక్కవారి ఇంటికి 150 అడుగులకు మించిన దూరంలో, గుండు మీ హద్దు దాటే అవకాశం లేని విధంగా కాల్చినంత కాలం నగరం తన నిబంధనను మీ మీద రుద్దలేదు. అదే మామూలు రైఫిలు, పిస్తోలు అయితే ఆ రక్షణ దొరకడానికి 50 ఎకరాలు, 300 అడుగులు కావాలి. అంటే అలాంటి చోట 12 ఎకరాలున్న మీకు షాట్‌గన్ విషయంలో ఉన్న ధీమా రైఫిల్ విషయంలో ఉండదు, నగరం ఏం నిబంధన పెట్టుకుందో వెళ్ళి కనుక్కోవలసిందే. పబ్లిక్ రోడ్డు మీద నుంచి గానీ, రోడ్డుకు అడ్డంగా గానీ కాల్చడం ఎన్ని ఎకరాలున్నా నేరమే.

ఇక్కడ స్థలాలు అమ్మే ఏజెంట్ల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ప్రతి ప్రకటనలోనూ “అన్‌రిస్ట్రిక్టెడ్”, అంటే షరతులేమీ లేనిది, అని రాస్తారు, దాన్ని చూసి మనవాళ్ళు ఇక అక్కడ ఏం చేసినా అడిగేవాడు లేడని అనుకుంటారు. కానీ పాత యజమాని భూమిని ముక్కలు చేసి అమ్మినప్పుడు దస్తావేజులో పెట్టిన షరతులు కొనేవారితో పాటే వస్తాయి, వాటిలో తుపాకీ పేల్చకూడదన్న షరతు ఉండడం అరుదేమీ కాదు. రిజిస్ట్రేషన్‌కు ముందు, భూమి హక్కులను పరిశీలించే టైటిల్ కంపెనీ పంపే కాగితాల్లో షెడ్యూల్ బి అని ఒక భాగం ఉంటుంది, ఈ షరతుల సంగతి తెలిసేది అందులోనే. ఇల్లు కట్టడానికి వాస్తు కోసం నలుగురిని సంప్రదించే మనం ఆ నాలుగు పేజీలు చదవడానికి మాత్రం బద్ధకిస్తాం. అందులోని షరతును ఉల్లంఘిస్తే పోలీసులు రాకపోవచ్చు, కానీ పక్కవారు సివిల్ కోర్టుకు వెళ్ళవచ్చు.

ఇక తూటా సంగతి. ఒక మిత్రుడి భూమిలో థాంక్స్‌గివింగ్ సెలవుల్లో నా కళ్ళ ముందే జరిగినది చెబుతాను. ఆయన భూమి కౌంటీ రోడ్డు నుంచి లోపలికి సన్నగా, పొడవుగా సాగే ముక్క. వెనక కంచెకు కొంచెం ఇవతల, యంత్రంతో చుట్టిన పెద్ద ఎండుగడ్డి చుట్టలు రెండింటిని పక్కపక్కన నిలబెట్టి, వాటి ముందు కాగితపు టార్గెట్లు కట్టారు. పిల్లలను ఇంట్లోనే ఉంచారు, అందరి చెవులకూ మఫ్‌లు, కళ్ళకు అద్దాలు పెట్టారు, ఒకరు కాలుస్తుంటే మిగతావారు వెనక నిలబడాలని గట్టిగా చెప్పారు. చూసినవారెవరైనా మెచ్చుకునే ఏర్పాటు అది. మధ్యాహ్నం భోజనాలయ్యాక షెరిఫ్ కార్యాలయం నుంచి డిప్యూటీ ఒకాయన వచ్చి, తుపాకులు ఖాళీ చేసి బల్ల మీద పెట్టమన్నాడు. మా మిత్రుడు కంగారుగా లోపలికి వెళ్ళి భూమి కాగితాలు, తుపాకీ కొన్న రసీదు తెచ్చాడు. డిప్యూటీ వాటిని చూడనే లేదు. తుపాకీ లైసెన్సు కూడా అడగలేదు, ఎందుకంటే టెక్సస్‌లో రైఫిలు ఉంచుకోవడానికి అసలు లైసెన్సంటూ లేదు.

ఆయన నేరుగా గడ్డి చుట్టల దగ్గరికి నడిచి వెళ్ళి, వాటి వెనక వైపుకు మా మిత్రుణ్ణి పిలిచాడు. ముందు వైపు చూస్తే కాగితానికి చిన్న చిన్న చిల్లులు తప్ప ఏమీ లేదు. వెనక వైపు, గడ్డిని పట్టి ఉంచే తెల్లటి ప్లాస్టిక్ వల అక్కడక్కడా చిరిగి, పోగులు బయటి వైపుకు విచ్చుకొని ఉన్నాయి. “దీని వెనక ఏముందో చూసుకున్నారా?” అని అడిగి, ఆయన కంచె అవతలికి చెయ్యి చూపించాడు. ముళ్ళ చెట్ల సందులోంచి పక్కవారి పశువుల షెడ్డు రేకు కప్పు కనిపిస్తోంది. ఆ షెడ్డులో దాణా వేస్తున్న ముసలాయనే, తల పక్క నుంచి ఏదో దూసుకుపోయిన చప్పుడైందని ఫోన్ చేశాడట. ఎండుగడ్డి రైఫిల్ తూటాను ఆపదు. సరిగ్గా బిగించిన గడ్డి మోపు బాణాన్ని ఆపుతుంది కనుక తూటాను కూడా ఆపుతుందని చాలామంది అనుకుంటారు. ఆ రోజు డిప్యూటీ కేసు పెట్టలేదు, మట్టి దిబ్బ వేసేదాకా మళ్ళీ కాల్చవద్దని చెప్పి వెళ్ళాడు. పెట్టదలచుకుంటే మాత్రం దారి ఉంది. నిర్లక్ష్యంతో మరొకరిని తీవ్రంగా గాయపడే తక్షణ ప్రమాదంలోకి నెట్టడం టెక్సస్ శిక్షాస్మృతిలో ఏడాది వరకు జైలు, 4,000 డాలర్ల వరకు జరిమానా పడగల నేరం, అది మీ సొంత నేల మీద నిలబడి చేసినా నేరమే. మా మిత్రుడు ఆ తరువాత లారీలతో మట్టి తోలించి, మనిషికన్నా ఎత్తున, అడుగున వెడల్పుగా దిబ్బ వేయించాడు, రాళ్ళు ఏరించి మరీ. రాయికి తగిలిన తూటా ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు.

12 ఎకరాలంటే మన పల్లెల్లో మోతుబరి కింద లెక్క కనుక, అంత భూమిలో తూటా ఎక్కడికి పోతుందిలే అన్న భరోసా మనకు సహజంగానే వస్తుంది. లెక్క వేసి చూడండి. 12 ఎకరాలు చక్కటి చతురస్రంగా ఉన్నా ఒక వైపు 720 అడుగుల చిల్లర. పిల్లల తుపాకీ అని అందరూ తేలిగ్గా తీసుకునే పాయింట్ 22 తూటాల పెట్టె మీదే అది ఒకటిన్నర మైలు దూరం పోగలదన్న హెచ్చరిక అచ్చువేసి ఉంటుంది, అంటే దాదాపు 7,900 అడుగులు. కనుక ఎకరాలు ఎన్ని ఉన్నా తూటాను ఆపేది మట్టి ఒక్కటే.

తగిలితే పేలే టార్గెట్ల జోలికి మాత్రం పోవద్దు. 2017 ఏప్రిల్‌లో అరిజోనాలో ఒకాయన పుట్టబోయే బిడ్డ ఆడో మగో ప్రకటించే వేడుక కోసం టానరైట్ అనే పేలుడు పదార్థం నింపిన టార్గెట్‌ను కాల్చాడు. ఎండుగడ్డి అంటుకొని సుమారు 47,000 ఎకరాలు కాలిపోయాయి, ఆయన 80 లక్షల డాలర్లకు పైగా నష్టపరిహారం చెల్లించడానికి ఒప్పుకోవలసి వచ్చింది. టెక్సస్ వేసవిలో గడ్డి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. డిప్యూటీ వచ్చిన ఆ రోజు బల్ల చుట్టూ నిలబడి ఉన్నవారిలో సగం మంది హెచ్‌1బి వీసా మీద ఉన్నవారే. భూమి యజమాని అమెరికా పౌరుడు, తుపాకీ ఆయనదే, కొన్నది సక్రమంగానే. కానీ వలసేతర వీసా, అంటే తాత్కాలికంగా ఉండడానికి ఇచ్చే వీసా, మీద ఈ దేశంలో ఉన్నవారు తుపాకీ గానీ, తూటా గానీ తమ అధీనంలో ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. హెచ్‌1బి, హెచ్‌4, ఎల్‌1, విద్యార్థుల ఎఫ్‌1 అన్నీ అందులోకే వస్తాయి. కొనడమే తప్పు, పట్టుకుంటే ఏమవుతుందని చాలామంది అనుకుంటారు. చట్టానికి చేతిలో పట్టుకొని కాల్చడమే చాలు. ఆ నేరానికి గరిష్ఠ శిక్ష 2022లో చేసిన చట్టంతో 10 ఏళ్ళ నుంచి 15 ఏళ్ళకు పెరిగింది. వీసా సంగతి తెలిసి కూడా తుపాకీ అందించిన యజమాని మీదకూ కేసు రావచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు.

ఇది కాగితం మీద మాత్రమే ఉన్న నిబంధన అని కొట్టిపారేసేవారికి నేను చెప్పేది రెహైఫ్ కేసు. విద్యార్థి వీసా మీద వచ్చిన రెహైఫ్‌ను మార్కులు తగ్గాయని విశ్వవిద్యాలయం తీసివేసింది. ఆ తరువాత ఆయన ఒక ఫైరింగ్ రేంజికి వెళ్ళి రెండు తుపాకులు కాల్చాడు. ఎవరినీ బెదిరించలేదు, ఎవరికీ గాయం కాలేదు. అయినా కేసు పెట్టారు, 18 నెలల శిక్ష పడింది. చివరికి 2019 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు, తన వలస హోదా చెల్లదని నిందితుడికి తెలుసని కూడా ప్రభుత్వం నిరూపించాలని 7–2 మెజారిటీతో తీర్పు చెప్పింది. ఈ తీర్పు ఆయనకు ఊరట కావచ్చు గానీ, పాస్‌పోర్టులో హెచ్‌1బి ముద్ర పెట్టుకొని తిరిగే మనవాడు తన హోదా తనకు తెలియదని ఏ మొహం పెట్టుకొని చెబుతాడు? పైగా ఇంత వ్యవహారం మొదలైంది డబ్బు కట్టి వెళ్ళే, నిపుణుల పర్యవేక్షణ ఉండే రేంజిలో. మన స్నేహితుడి పొలంలో అయితే అది చెల్లుతుందని ఎవరు చెప్పారో నాకు అర్థం కాదు.

ఇందులో నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఫొటోలు. రైఫిల్ భుజాన పెట్టుకొని, వెనక సూర్యాస్తమయం పడేలా నిలబడి, వెంటనే ఫేస్‌బుక్‌లో పెట్టేస్తారు. గ్రీన్‌కార్డు కోసం పదేళ్ళకు పైగా వరుసలో నిలబడి, ట్రాఫిక్ చలానా వస్తేనే లాయరుకు ఫోన్ చేసే మనిషి, తన మీద ఫెడరల్ నేరానికి సాక్ష్యాన్ని తానే తయారుచేసి, తేదీతో, ఊరి పేరుతో సహా లోకానికి చూపిస్తున్నాడు. మన వాట్సాప్ గ్రూపుల్లో ఏ వీసా స్టాంపింగ్‌కు ఏ నగరం మంచిదో గంటల తరబడి చర్చిస్తారు గానీ, ఈ మాట ఎవరైనా ఎత్తితే “అందరూ చేస్తున్నదే కదా అన్నా” అని నవ్వి ఊరుకుంటారు.

చట్టంలోనే దీనికి ఒక మినహాయింపు ఉంది. అమెరికాలోని ఏ రాష్ట్రమైనా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్న వీసాదారుకు ఈ నిషేధం వర్తించదు, వేటకు వెళ్ళకుండా గురి సాధనకే పరిమితమైనా సరే. టెక్సస్ నివాసులకు ఆ లైసెన్సు పాతిక డాలర్ల స్థాయిలోనే దొరుకుతుంది. 1971 సెప్టెంబరు 2న గానీ, ఆ తరువాత గానీ పుట్టినవారు వేటకు వెళ్ళాలంటే వేట భద్రతా శిక్షణ కూడా పూర్తి చేయాలి, అది మన సాధనకూ పనికొచ్చేదే. కనుక మీ భూమికి వచ్చే స్నేహితుల్లో వీసా మీద ఉన్నవారిని ముందే లైసెన్సు తీసుకొని రమ్మనండి, లేనివారికి తుపాకీ ఇవ్వకండి, ఎంత దగ్గరివారైనా, బావమరిది అయినా సరే. కాగితం చేతికిచ్చినా దాని మీద తేదీ చూడండి. టెక్సస్ వేట లైసెన్సులు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగుస్తాయి కనుక, కిందటేడు థాంక్స్‌గివింగ్‌కు తీసుకున్నది ఈ ఏడాది థాంక్స్‌గివింగ్‌కు చెల్లదు.