సౌండ్‌బార్ బ్లూటూత్‌లో పలుకుతోంది, కేబుల్ పెడితే మూగబోతోంది

బీచ్ రోడ్డు పక్కన మీ ఫ్లాట్‌లో సౌండ్‌బార్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపితే పలకట్లేదని అడిగారు కదా. బ్లూటూత్‌లో పాట వస్తోందంటే బార్ బాగానే ఉందండి. కేబుల్ పెట్టినా టీవీ స్పీకర్లే మోగుతున్నాయంటే చాలామటుకు టీవీలో సీఈసీ (హెచ్‌డీఎంఐ కేబుల్ మీదుగా టీవీ, బార్ ఒకదానికొకటి ఆదేశాలు పంపుకునే సదుపాయం) ఆఫ్‌లో ఉండటమే కారణం.

1. కేబుల్ రెండు చివరలూ ‘ఏఆర్‌సీ’ (ARC) అని రాసున్న హెచ్‌డీఎంఐ పోర్టుల్లోనే ఉండాలి. టీవీ శబ్దాన్ని బార్‌కి పంపే దారి అదే. టీవీ మిగతా హెచ్‌డీఎంఐ పోర్టుల్లోంచి శబ్దం బయటికి రాదు.

2. అందరూ వదిలేసేది ఇదే. సెట్టింగ్స్‌లో సీఈసీ అని వెతికితే కనపడకపోవచ్చు, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. సామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. అది ఆన్ చేశాక సౌండ్ అవుట్‌పుట్‌లో ఏఆర్‌సీ ఎంచుకోండి.

3. టీవీ, బార్ రెండింటి ప్లగ్గులూ గోడ నుంచి పీకి ఐదు నిమిషాలు ఆగండి. రిమోట్‌తో ఆపితే చాలదు.

4. అప్పటికీ పలక్కపోతే టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియోని పీసీఎంకి (కుదించని మామూలు ఆడియో రకం) మార్చి చూడండి.

ఫ్లాట్ బీచ్ రోడ్డు పక్కనే అన్నారు కదా, కేబుల్ మొన కూడా ఓసారి చూడండి. విశాఖ పెదవాల్తేరులో మా ఇంట్లో ఉప్పుగాలికి దాని లోపల నల్లటి మచ్చలు పడ్డాయి. కొత్త కేబుల్ పెట్టగానే పలికింది.