కోత ప్రయోగాలకు వెళ్తున్న మేనల్లుడికి

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఈ ఖరీఫ్‌లో కాశీనగర్ వైపు పల్లెల్లో వరి కోత ప్రయోగాలు, అంటే చేలో కొంత మేర కోసి తూచి దిగుబడి లెక్కగట్టే పని, నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. పద్ధతి శిక్షణలో ఎలాగూ నేర్పుతారు కనుక, పొలంలో దిగాక మనసు ఎక్కడ జారుతుందో మాత్రమే రాస్తున్నాను.

మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో గట్టు మీద నిలబడి, ఈసారి ఎన్నణాల పంట అని కంటితోనే అంచనా కట్టేవారు. శిస్తు వసూలు చేసేవాడి కంటికీ, కట్టేవాడి కంటికీ ఒకే చేను ఒకేలా కనబడదు కదా. 1930, 40 దశకాల్లో మహలనోబిస్, సుఖాత్మే వంటి గణాంకవేత్తలు ఆ కంటిని నమ్మక, చీటీ తీసినట్టు ఎంచిన చోట కోసి తూచే పద్ధతిని నిలబెట్టారు. అలా కోసే చదరం ఎంత ఉండాలన్న దానిపై వారిద్దరికీ పెద్ద వాదమే నడిచింది. చదరం మరీ చిన్నదైతే అంచు దుబ్బులు లోపలికి చేరి దిగుబడి ఎక్కువగా తేలుతుందని సుఖాత్మే చూపించారు.

నువ్వు కొలిచే 5 మీటర్ల చదరం 25 చదరపు మీటర్లు, అంటే హెక్టారులో 400వ వంతు. తూకంలో అరకిలో తప్పితే లెక్కలో హెక్టారుకు 2 క్వింటాళ్ళు తప్పుతుంది. అందుకే మేకులు పాతాక కర్ణాలు, అంటే ఎదురెదురు మూలల మధ్య దూరాలు, కొలిచి చూడు. రెండు వైపులా 7.07 మీటర్లు రాకపోతే మూలలు వంకరపోయినట్టే.

చీటీ తీసినట్టు ముందే ఎంచి ఇచ్చిన అంకెలు చేను నైరుతి మూల నుంచి ఎక్కడ చూపితే అక్కడే మేకు పాతాలి. కొత్తలో ఒకసారి ఆ చోటు నీరు నిలిచి పైరు పడిపోయిన పల్లంలో పడింది. “అక్కడ తాలు తప్ప ఏముంది బాబూ, ఇటు రండి” అని రైతు పిలిస్తే మొహమాటపడి పది అడుగులు జరిగాను. ఆ రాత్రి ఫారం నింపుతుంటే చేయి ఆడలేదు. అప్పట్లో రైతులు మంచి మూల చూపించేవారు, 2016లో ప్రధానమంత్రి ఫసల్ బీమా అనే పంట బీమా పథకం వచ్చాక చెడ్డ మూల చూపిస్తున్నారు. రెండూ సహజమే, వారితో తగవు పెట్టుకోకు, అంకెల కాగితం వారి చేతికే ఇచ్చి చదవమను.

బీమాకు పంచాయతీలో ప్రధాన పంటకు కనీసం 4 ప్రయోగాలు చేస్తారు. దిగుబడి ముందే నిర్ణయించిన మట్టం కంటే ఎంత తగ్గిందో చూసి బీమా చేసినవారందరికీ పరిహారం ఇస్తారు. ఆ లెక్కకు ఈ ప్రయోగాల సగటు ముఖ్య ఆధారం కనుక, నాలుగే చేస్తే ఆ సగటులో నాలుగో వంతు నీ ఒక్క చదరానిదే. ధాన్యం సేకరణ, నిల్వలు, ఎగుమతుల నిర్ణయాలకూ ఈ తూకాలు ఒక ఆధారం.

కోత తేదీని రైతు ఇంట్లో ఆడవాళ్ళకు కూడా ముందే చెప్పి రా, లేకపోతే కోత మిషను వచ్చి ఒక్క పూటలో చేనంతా ఊడ్చేస్తుంది. నూర్చి, తూర్పారబట్టాకే తూచు. ఎండబెట్టి మళ్ళీ తూచమన్న చోట నమూనాను నీ దగ్గరే ఉంచుకో. గింజ రాలకుండా పరవడానికి నా పాత టార్పాలిన్‌ను మీ అత్తయ్య కడిగి ఆరవేసింది, ఆదివారం వచ్చి తీసుకువెళ్ళు.

మీ మామయ్య