వంతు నీళ్లొచ్చిన రోజు చేను నింపేయాలా?

ప్రశ్న: కోనసీమలో కాలువ శివారున రెండెకరాలు కౌలుకి చేస్తున్నాను. దాళ్వాలో, అంటే రబీ వరికి, నీళ్లు వంతులవారీగా ఇస్తారు. మళ్లీ అందుతాయో లేదోనన్న టెన్షన్‌తో వచ్చినప్పుడల్లా చీలమండ మునిగేలా పెట్టేస్తున్నాను. వరికి అన్ని నీళ్లు అక్కర్లేదు, మధ్యమధ్య ఆరబెట్టమంటున్నారు. పంట దెబ్బతినదా అండి?
— ఒక కౌలు రైతు

జవాబు: తమ్ముడూ, మాదీ శివారు చేనే. అర్ధరాత్రి బ్యాటరీ లైటు పట్టుకుని బోదె దగ్గర కాపలా కాసినవాణ్ణి. అయినా చెబుతున్నాను, లోతుగా పెట్టినంత మాత్రాన నీళ్లు నిలవవు. గట్టులో ఒక్క ఎండ్రకాయ బొరియ చాలు, తెల్లారేసరికి సగం మురుగు కాలువలో ఉంటాయి. వంతుకి ముందురోజే గట్టు చుట్టూ తిరిగి, బొరియల్లో బంకమట్టి కూరి కాలితో తొక్కండి. తర్వాత రెండంగుళాలు పెడితే చాలు.

ఆరబెట్టడమంటే నేల నెర్రెలు తీసేదాకా కాదు. నాలుగంగుళాల పీవీసీ పైపు అడుగు ముక్క కోయించి, కింది సగానికి చుట్టూ బెజ్జాలు వేయండి. ఆ సగం నేలలోకి దిగ్గొట్టి, లోపలి మట్టి తోడేయండి. పైన చేను ఆరినట్టున్నా గొట్టంలో నీరు కనిపిస్తుంది. వేళ్లకి అందేది ఆ నీరే. అది గొట్టం అడుక్కి, అంటే ఆరంగుళాల కిందికి దిగాక మళ్లీ పెట్టండి. మీ వంతు రోజుకి ఇంకా నీరుండి, తర్వాతి వంతుదాకా ఆగదనిపిస్తే మాత్రం పెట్టేయండి. ఇలా చేస్తే 30 శాతం దాకా నీరు మిగులుతుందని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెబుతోంది.

నాటిన మొదటి రెండు వారాలు ఆరబెట్టొద్దు, కలుపు పెరిగిపోతుంది. పూతకి వారం ముందు నుంచి వారం తర్వాతి దాకా అసలే వద్దు. ఒక దాళ్వాలో సరిగ్గా అప్పుడే పెళ్లికని ఊరెళ్లి నాలుగు రోజులు చేను చూడలేదు. కోతలకి చూస్తే కంకులు వంగలేదు. ఒకటి తెంపి అరచేతిలో నలిపితే అంతా తాలే. ఆ బాధ మీకు వద్దు.

ఇంకోటి. వేసవిలో మీ చేలో తెల్లగా ఉప్పు పేరుకుంటుందా? అది చౌడు. అలాంటి చోట ఆరబెడితే ఉప్పు పైకొచ్చి మొక్కని కాల్చేస్తుంది, పల్చగా నీరు నిలిపే ఉంచాలి. భూమి మీకు కొత్తదైతే, అంతకుముందు కౌలు చేసినాయన్ని అడిగి చూడండి.