బంతి లెక్కలో రూట్ కింద మైనస్ వస్తోందా?

సూత్రం సరిగ్గానే వాడారు, గుర్తు దగ్గరే తప్పింది. బెంగళూరులో మీ 25 మీటర్ల మేడ మీద నుంచి బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో పైకి విసిరితే ఎప్పుడు నేలను తాకుతుందన్నది లెక్క. మీరు స్థానభ్రంశం +25 వేశారు.

1. ముందు కాగితం మీద పైకి ఒక బాణం గీసి ప్లస్ రాయండి. తొలి వేగం +20, భూమి కిందికి లాగడం వల్ల వచ్చే త్వరణం సుమారు −10.

2. చాలామంది జారేది ఇక్కడే. స్థానభ్రంశం అంటే బంతి తిరిగిన దారి కాదు, బయల్దేరిన చోటు నుంచి చేరిన చోటు ఎటువైపు, ఎంత దూరం అన్నది. బంతి మీ చేతిలోంచి పైకెళ్లి, మళ్లీ పిట్టగోడ పక్కనుంచే దిగి, 25 మీటర్ల కింద నేలను తాకింది. అంటే −25. మీరు వేసిన +25కి అర్థం మేడకు 25 మీటర్ల పైన అని. ఈ బంతి 20 మీటర్లు దాటి పైకి పోలేదు. రూట్ కింద మైనస్ వచ్చి లెక్క మీకు చెబుతున్నది అదే!

3. కాలం టి అనుకుంటే, సూత్రం: స్థానభ్రంశం = తొలి వేగం × టి + ½ × త్వరణం × టి². విలువలు వేస్తే −25 = 20టి − 5టి². అంటే టి² − 4టి − 5 = 0. టి = 5 లేదా −1. −1ని వదిలేయండి, జవాబు 5 సెకన్లు.

సరిచూసుకోవాలంటే: పైకి 2 సెకన్లు, అక్కడి నుంచి 45 మీటర్లు కిందికి 3 సెకన్లు.