సమాధానం: నాన్నగారి తుపాకీని క్వార్టర్‌కు తెచ్చుకోవచ్చా?

తమ్ముడూ, నాన్నగారు పోయాక ఇంట్లో మిగిలిన డబుల్ బ్యారెల్‌ను సికింద్రాబాద్‌లో నీ ఆర్మీ క్వార్టర్‌కు తెచ్చుకోవచ్చా అని అడిగావు. తేవద్దు. లైసెన్స్ ఆయన పేరున ఉంది, నీ పేరున కాదు. దారిలో పట్టుబడితే యూనిఫాం కాపాడదు.

1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం అలాంటిదాన్ని ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో జమ చేయాలి. సైన్యంలో ఉన్నవాళ్లు యూనిట్ ఆయుధాగారంలో, అంటే మన కోత్‌లో, కూడా జమ చేయొచ్చు. తుపాకీ ఊళ్లోనే ఉంది కాబట్టి నేనైతే స్టేషన్‌లోనే ఇస్తాను. లోపల తూటా లేదని తెరిచి చూపించు. రసీదులో తుపాకీ నంబరు, తూటాల లెక్క రాశారో లేదో అక్కడే చూసుకో, ఇంటికొచ్చాక కాదు. తర్వాత వారసుడిగా లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టు. అది చేతికొచ్చాక సీవోకు, అంటే కమాండింగ్ ఆఫీసర్‌కు, చెప్పి కోత్‌లో పెట్టించు.

అన్నట్టు, 2019 సవరణ తర్వాత మామూలుగా ఒకరికి రెండు తుపాకులే.