పల్లె షెడ్డులో సొంత ప్రెస్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది చింతలపూడి దగ్గర పల్లె. బైకులకు, ట్రాక్టర్లకు రిపేర్లు చేసే చిన్న షెడ్డు నడుపుతున్నాను. సుత్తితో కొట్టి ఎక్కించిన బేరింగులు తొందరగా పాడైపోతున్నాయి. ప్రతి బుష్‌కూ (షాఫ్టు చుట్టూ ఉండే చిన్న గొట్టం) పట్నం వెళ్లి ప్రెస్ చేయించుకోలేను. నా దగ్గరున్న 10 టన్నుల బాటిల్ జాకీతో, బేరింగులను నొక్కి ఎక్కించే ప్రెస్ తయారుచేసుకోవచ్చా?

జవాబు: నిస్సందేహంగా చేసుకోవచ్చు. పల్లె షెడ్డులో సొంతంగా చేసుకోదగిన పనిముట్లలో మొదటి స్థానం దీనిదే అని నా అభిప్రాయం. అయితే జాకీని తలకిందులుగా బిగించకండి. అలా బిగిస్తే లోపలి పంపు నూనెకు బదులు గాలిని పీల్చుకుంటుంది కనుక చాలా జాకీలు పనిచేయవు. రెండు నిలువు కాళ్ల మధ్య పైకీ కిందికీ జారే మందపాటి పలకను అమర్చి, దాని మీద జాకీని నిలబెట్టి, జాకీ తల పై దూలాన్ని నెట్టేలా చేస్తే, పలక కిందికి దిగి బేరింగును నొక్కుతుంది. పలకను తిరిగి పైకి లాగడానికి పక్కన రెండు స్ప్రింగులు చాలు. జాకీలో నూనె తగ్గితే హైడ్రాలిక్ నూనె మాత్రమే పోయండి, ఎందుకంటే బ్రేక్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి చెడిపోతాయి.

కాళ్ల మధ్య దూరం అర మీటరు మించకూడదు. ఆ దూరానికి పై దూలంగా 100 మి.మీ. ఛానళ్లు (మూడు వైపులున్న, కాలువ ఆకారపు ఇనుప కడ్డీలు) రెండు కలిపి వేసినా 10 టన్నుల బలాన్ని ఆపగలవు గాని, 125 మి.మీ. ఛానళ్లు వేస్తే వంగడం వల్ల ఇనుములో పుట్టే ఒత్తిడి 40 శాతానికి పైగా తగ్గుతుంది. ఆ కాస్త అదనపు ఖర్చుకు వెనకాడవద్దు. పాత ఛానళ్లు విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల దొరుకుతాయి, తుప్పు తినివేసినవి మాత్రం తీసుకోకండి. పై దూలం బరువంతా వెల్డింగు మీదే వదలకుండా బోల్టులు కూడా బిగించాలి. నొక్కాల్సిన వస్తువును పెట్టే కింది బల్లను మోసే పిన్నులకు 25 మి.మీ. నున్నటి గుండ్రటి రాడ్డు వాడండి. పాత కమాను పట్టీలు ఫ్రేములో వాడాలనే ఆలోచన చాలామందికి వస్తుంది. వాటిలో కార్బన్ ఎక్కువ కాబట్టి, మామూలుగా వెల్డ్ చేస్తే అతుకు పక్కనే పగులుతుంది.

అసలు బేరింగు ఎందుకు పాడవుతుందో కూడా గమనించండి. హబ్బులోకి (చక్రం మధ్య భాగంలోకి) దించేటప్పుడు బయటి రేసును (బేరింగు బయటి వలయాన్ని), షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు లోపలి రేసును మాత్రమే నొక్కాలి. రెండో రేసు మీద బలం వేస్తే, ఆ బలమంతా గుండ్ల గుండా వెళ్లి రేసుల మీద సన్నటి గుంటలు పడతాయి. చాలా బైకుల చక్రాల్లో ఉండే 6301 బేరింగు బయటి వ్యాసం 37 మి.మీ. అదే నంబరు పాత బేరింగు బయటి రేసును కాస్త అరగదీస్తే, కొత్తదాన్ని దించడానికి చక్కటి సాధనం అవుతుంది. గట్టిపడిన రేసు ఒత్తిడికి పగిలి ముక్కలు ఎగురుతాయి కాబట్టి ప్రెస్‌కు ఎదురుగా నిలబడకుండా, కళ్లద్దాలు పెట్టుకుని పక్కనుంచి జాకీ కొట్టండి.

వాహనం కిందికి దూరి పనిచేసేటప్పుడు బరువు మోసే స్టాండ్లు మాత్రం సొంతంగా చేయకండి, కొనుక్కోండి.

ప్రశ్న: టార్క్ పానా (బోల్టు ఎంత బిగిసిందో కొలిచి చూపే పానా) కొనే స్తోమత లేదు. హెడ్ బోల్టులు అంచనాతో బిగిస్తున్నాను. ప్రత్యామ్నాయం ఉందా?

జవాబు: మంచి స్ప్రింగ్ కాటా ఒకటి చాలు. పానాకు పైపు తొడిగి, బోల్టు మధ్య నుంచి సరిగ్గా అర మీటరు దూరంలో కాటా తగిలించి, పైపుకు లంబంగా లాగండి. కాటా 10 కిలోలు చూపితే బోల్టు మీద పడేది 5 కిలోగ్రామ్-మీటర్లు, అంటే దాదాపు 49 న్యూటన్ మీటర్లు. పైపు సొంత బరువు లెక్కలో కలవకుండా అది నిలువుగా ఉన్నప్పుడు చదవడం మేలు. సుమారు 10 న్యూటన్ మీటర్లు చాలే 6 మి.మీ. బోల్టులకు అర మీటరు పైపు వాడితే కాటా 2 కిలోలే చూపించాలి, పెద్ద కాటాలో అంత చిన్న లెక్క సరిగా తెలియదు. అందుకని వాటికి 20 సెం.మీ. దూరంలో తగిలించి 5 కిలోల దగ్గర ఆపండి.